గుర్తు చూపించమన్న మేనత్త

మా మేనత్త పోయిందని గోరంట్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందుగా ఏడుపు రాలేదు. "ఎవరు చూసినారు? బాగా చూసినారా?" అని అడిగాను. అవతల ఆమె కూతురు ఏడుస్తూనే, "నువ్వూ మా అమ్మ మాదిరే అడుగుతాండావే" అంది. నిజమే. మా ఇంట్లోనే ఉండి నన్ను పెంచిన చేయి అలాంటిది.

అనుమానం ఆమెకు ఊపిరి. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూసేది. వేరుశనగ విత్తనం ఎంత మంచిదని చెప్పినా గుప్పెడు ఒలిచి కొరికితే గానీ ఒప్పుకునేది కాదు. శనివారం ఆంజనేయస్వామి గుడిలో తీర్థం పోస్తే ముందు వాసన చూసేది. "దేవుని దగ్గర గూడా అనుమానమేనామ్మా?" అని పూజారి విసుక్కుంటే, "స్వామి మింద కాదప్పా, నీ మింద" అనేది. పక్కన నిలబడిన నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది.

స్వామిని మాత్రం ప్రాణంగా నమ్మింది. ఎందుకని ఒకసారి అడిగాను.

"సముద్రం దాటినాయప్ప లంకలో ఎవుర్నన్నా నమ్మినాడా? చెట్టెక్కి ఆకుల సందులోంచి అంతా చూసినాడు. సీతమ్మ మాత్రం ఊరికే నమ్మిందా? రావణుడే ఈ యేసం కట్టినాడేమో అనుకునె. గుర్తు చూపించమనె. స్వామికి కోపమొచ్చిందా? చేతులు జోడించుకోని ఉంగరం చూపించినాడు. నిజమైనోడికి అడిగితే కోపం రాదు. అంతే తెలుసుకో."

దేవుడి బలం గురించి అందరూ చెబుతారు. అనుమానించినా అలగని దేవుడని చెప్పింది మా మేనత్త ఒక్కతే.

ఈ మాటే మా ఇంట్లో చిచ్చు పెట్టింది. వరసగా వానలు తప్పిన ఏళ్లవి. ఊళ్లో ప్రతి చేనులో బోరు లారీ దుమ్ము లేపుతోంది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని భూమిలో నీళ్లెక్కడున్నాయో చెప్పే ఆయన ఒకడు మా చేనుకు వచ్చాడు. కలలో ఆంజనేయస్వామి ఈ చేనే చూపించాడన్నాడు. నడిచాడు, ఒక చోట కాయ నిలువుగా లేచింది. నాయన ముఖం వెలిగిపోయింది. ఎద్దులను అమ్మితే గానీ బోరు వేయలేం. సంతకు తోలడానికి సిద్ధమైపోయాడు.

మేనత్త తువ్వాలు తెచ్చింది. "కండ్లకు గుడ్డ కట్టుకోని ఇంగొకసారి నడువు నాయనా. కాయ మళ్లీ ఆడనే లేస్తే నేనే కర్పూరం వెలిగిస్తా."

ఆయన భగ్గుమన్నాడు. "స్వామి మాటనే అనుమానిస్తారా? ఈ చేన్లో బొట్టు పడదు పోండి!"

"స్వామికి రాని కోపం నీకేల వచ్చెనప్పా?" అంది ఆమె. ఆయన టెంకాయ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

నాయనది ముక్కు మీద కోపం. "వచ్చే గంగమ్మను తరిమేసినావు గదక్కా! నీ అనుమానంతో మా నోట్లో మన్ను కొట్టినావు" అని అరిచాడు. ఎత్తి పెంచిన అక్కను అంత మాట అన్నాడు. ఆమె కూతురి దగ్గరికి గోరంట్లకు వెళ్లిపోయింది. ఎద్దులు మిగిలాయి, మాటలు మిగల్లేదు. కాయ లేచిన చోట నీళ్లున్నాయో లేవో నాకు ఈనాటికీ తెలియదు. నాయనకూ తెలియదు. మడకతో చేను దున్నుతూ అక్కడికి రాగానే కాస్త నెమ్మదించేవాడు.

పోయిన నెల ఆమెకు బాగా లేదంటే బలవంతం చేసి నాయనను తీసుకుపోయాను. షుగరు ఆమె చూపును తినేసింది. మంచం దగ్గర అడుగుల చప్పుడు విని, "ఎవురది?" అంది.

"నేనే అక్కా, నీ తమ్మున్ని."

"నా తమ్ముడు ఈడికి రాడే. వాడే నువ్వనేదానికి గుర్తేమి?"

నాయన వెనక్కి తిరిగి వెళ్లిపోతాడనుకున్నాను. ఆయన తలపాగా తీసి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె చేయి పట్టుకుని తన తల వెనక జుట్టులో పెట్టాడు.

"నన్ను చంకనెత్తుకోని గట్టు దిగుతా జారిపడితివి గదక్కా. ఆ పొద్దటి మచ్చ."

ఆమె వేళ్లు వెతికాయి. మచ్చ దొరికాక కూడా చుట్టూ తడిమి చూసుకుంది.

"యాడికి పోయినావురా ఇన్ని దినాలు?" అంది.

కూతురు కాఫీ తెచ్చి పెట్టింది, అది చల్లారిపోయింది. మేనత్త కళ్లు మూసుకుని నిద్రలోకి జారుకున్నా ఆమె చేయి నాయన తల మీదే ఉంది. మెడ నొప్పి పుడుతున్నా ఆయన తల ఎత్తలేదు.