వసారాలో కారం మిషను

సిరుగుప్పలో మా ఆవిడ ఇంటి వసారాలోనే కారం పట్టే మిషను పెట్టింది. వీధంతా తుమ్ములే. ఎదురింటాయన మున్సిపాలిటీలో ఫిర్యాదు చేస్తే అధికారి వచ్చాడు.

"ఇది ఇండ్లుండే ఏరియా అమ్మా. ఈడ కుట్టుమిషనైతే పెట్టుకోవచ్చు, ఇట్లాంటిది..." అంటుండగానే ఆయనకూ తుమ్ములు అందుకున్నాయి. మిగతా రూలు చెప్పడానికి వీధి చివరిదాకా పరుగెత్తాడు. వినడానికి మేమూ వెనకాలే వెళ్లాం.

"బజారుకు మార్చుకోండప్పా," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

మార్చాం. కొన్నాళ్లకు ఎదురింటావిడ మిరపకాయల సంచితో మా గుమ్మంలోకి వచ్చింది.

"మిషను మళ్లా ఈడికే తెచ్చుకోరాదా అక్కా? ఈ ఎండలో బజారుదాకా యాడ పోయేది?"

"మీ ఇంటాయన్ను అడుగమ్మా," అంది మా ఆవిడ, నవ్వకుండా.

ఆ సాయంత్రం సంచి మోసుకుంటూ బజారుకొచ్చింది ఆయనే. మా ఆవిడ మర్యాదగా కుర్చీ వేసింది.