దున్న మునిగిన చెరువు

కొల్లేరులో చేపల చెరువును నంబరుతో పిలిచేవాడు లేడు. ప్రతి చెరువుకీ ఒక పేరుంటుంది. ప్రసన్న ఆ పేర్ల మధ్యే పెరిగి, ఏలూరులో చేపల రైతుల సంఘానికి కంప్యూటర్ పని చేస్తోంది. చెరువుల నీటి వివరాలను సంఘం, మేత కంపెనీ, సర్వే సంస్థ కలిసి పరిశీలించాలని ఒప్పందం. చాలా గట్లు హద్దు దాటి సరస్సులోకి జరిగినవే కాబట్టి, ఏ చెరువు ఎవరిదో పొక్కకూడదని షరతు. ప్రసన్న వాళ్లకి పంపే ఫైలులోంచి రైతుల పేర్లన్నీ పట్టుబట్టి తీసేసింది. చెరువుల పేర్ల జోలికి మాత్రం పోలేదు. అవేమన్నా మనుషుల పేర్లా?

ఇవాళ తండ్రి వెంకట్రాజు ఫోన్ చేశాడు.

“అమ్మాయ్, గట్టు మీదికి కొలతల టేపులు పట్టుకుని ఎవరో వచ్చారు. నా పేరు తెలీదు గానీ, ‘దున్న మునిగిన చెరువు ఇదేనాండీ’ అంటున్నారు. ఆ పేరు మన ఊరు దాటి ఎలా పోయిందమ్మా?”

ప్రసన్న తను పంపిన ఫైలు తెరిచింది. ఫోనులో ఎవరో పక్క చెరువు పేరు కూడా చదువుతున్నారు, దాని పక్కదీ.