సైకిల్ పందెం... తూము దగ్గర నా చోటు

నా దస్తూరి బాగోదండీ. ఊళ్ళో బడిలో అయిదు దాకానే చదివాను, తప్పులూ ఉంటాయి. ఫోనులో తెలుగు కొట్టడం రాక నోటుపుస్తకంలో రాసి, ఫొటో తీసి పెడుతున్నాను. మన్నించి చదవండి.

మా చిన్నప్పుడు... ఏడాదికోసారి చలికాలంలో తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వైపు కాలవగట్టు మీద సైకిల్ పందెం జరిగేది. తెల్లారుతూనే బయల్దేరేవారు. రోజూ పాలకేన్లు మోసే సైకిళ్ళే... మడ్‌గార్డులు, కేరేజీ విప్పేసి తొక్కేవారు. గెలుపు గీత వట్లూరు దగ్గర.

మా ఊరు ఆ దారిలోనే. మా వాళ్ళకి సత్తిబాబు గారంటే ప్రాణం. గూడెంలో రైసుమిల్లులో బస్తాలు మోసే మనిషి. మాకు చుట్టం కాదు, పక్కం కాదు. అయినా ఆయన గెలిస్తే మా ఇళ్ళల్లో పరమాన్నం వండేవారు.

ఎన్ని పట్టింపులో... పందెం రోజు ఆయన పేరు పలకకూడదు, 'మనవాడు' అనాలి. ముందురోజు ఇంట్లో దోసెలు పొయ్యకూడదు. దోసె తుంచితే చక్రం విరిచినట్టట! దారిలో ఆయనతో మాట్లాడితే టైర్లో గాలి పోతుందని, గీత దాటేదాకా నోరు విప్పకూడదు. అన్నిటికన్నా పెద్ద పట్టింపు... ఆయన గెలిచిననాడు ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో, మళ్ళీ ఏడు కూడా అక్కడే నిలబడాలి.

మొదటి ఏడు నేను గేదెకి గడ్డి కోసుకొస్తూ ఊరికి అవతల తూము దగ్గర ఆగాను. ఆయన గెలిచారు. అంతే... అది నా చోటైపోయింది.

"నేనూ వట్లూరు వస్తాను బాబాయ్, గెలవడం చూస్తాను" అన్నాను మరుసటేడు.

"ఓరి నీ దుంపతెగ! నువ్వు కదిలితే మనవాడు ఓడిపోడూ? తూము దగ్గరే పడుండు" అన్నాడు మా బాబాయి. అందరూ నవ్వారు.

వాళ్ళంతా గుంపుగా వెళ్ళేవారు. నేనొక్కణ్ణీ తూము మీద... ఆయన వచ్చేదీ పోయేదీ నాలుగు రెప్పపాట్లు. నన్ను చూసి హ్యాండిల్ మీద నుంచి ఒక వేలు లేపేవారు. ఏడాదికి ఒక్క వేలు. దానికోసం ఏడాదంతా ఎదురుచూసేవాణ్ణి.

నాలుగో ఏడు మంచు మరీ దట్టంగా పట్టింది. ఆయన ఒక్కరే వచ్చారు. చేతులనిండా చైను మడ్డి. నా దగ్గర కాలు దింపి ఆగారు.

"ఏరా అబ్బాయ్, ముందు ఎంతమంది పోయారు?"

ఒక్కరూ పోలేదండీ. ఆయనే మొదలు. నాకు తెలుసు. కానీ మాట్లాడకూడదు కదా...

"భయం లేదు, చెప్పు. అందరూ పోయినట్టేనా?"

తల కూడా ఊపలేదు. అదీ మాటే అవుతుందేమోనని నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

"అయితే చాలాసేపయిందన్నమాట" అని ఆయన సైకిల్‌ని గడ్డిలో పడుకోబెట్టేశారు. పందెంలో సైకిల్ పడుకోబెడితే తప్పుకున్నట్టే.

కాసేపటికి మంచులోంచి మిగతా అందరూ వచ్చారు... వెనక నుంచి. నేను తూము గోడ చాటున నక్కాను, ఆ మంచులో వాళ్ళెవరికీ కనపళ్ళేదు. తొక్కేవాళ్ళకీ ఒక మర్యాద ఉండేది. ఒకడి చైను తెగితే, బాగుచేయించుకుని వచ్చేదాకా తక్కినవాళ్ళు కాలు కింద పెట్టి ఆగాలి.

"అదేంటన్నా! నువ్వు చైనుకని ఊళ్ళోకెళ్తే మేం ఊరి మొదట్లోనే ఆగాం కదా. అవతలి సందులోంచి రోడ్డెక్కేశావని పాలాయన చెప్తే బయల్దేరాం. ఎక్కు, ఎక్కు" అన్నాడు ముందున్నాయన.

"మంచులో మీరు కనపళ్ళేదురా. ఈ ఏడు కొత్తవాళ్ళున్నారు, ఆగరేమో అనుకున్నాను. పడుకోబెట్టేశాక ఇంకేం ఎక్కుతాను... వెళ్ళండి, కాళ్ళు బిగుసుకుపోతాయి."

వాళ్ళు మనసొప్పక కాసేపు నిలబడి, వెళ్ళారు. ఆయన నాకేసి చూశారు. కోపం లేదు.

"మాట్లాడొద్దని చెప్పారా?"

అప్పుడు తలూపాను.

"సర్లే. బెంగెట్టుకోకు."

మధ్యాహ్నం మా వాళ్ళు తొక్కేవాళ్ళ నోట జరిగింది విని, వట్లూరు నుంచి ఉరుకులు పరుగుల మీద వచ్చారు. ఆయన మా ఊరి టీకొట్టు దగ్గర కూర్చుని ఉన్నారు. నేను ఓ పక్కన నిలబడ్డాను.

"దారిలో అడగడానికి ఒక్క మనిషైనా లేడాండీ?" అన్నాడు మా బాబాయి, ఏడుపు గొంతుతో.

"ఎవరూ లేరండీ" అన్నారాయన.

నన్ను కాపాడదామనే అన్నారు. మేం ఎవరి చోట్లో వాళ్ళం నిలబడతామన్న సంగతి ఆయనకి తెలీదు పాపం.

బాబాయి నాకేసి తిరిగాడు. "అయితే చోటు వదిలేశావన్నమాట! నీ వల్లేరా ఇదంతా!"

లేదు, ఉన్నానంటే... ఆయన మాట అబద్ధమైపోతుంది. ఉండీ ఎందుకు చెప్పలేదంటారు. ఊరుకున్నాను.

ఆయన మళ్ళీ పందెం తొక్కలేదు. మావాళ్ళు నన్ను పిలవడం మానేశారు. ఎక్కడికైనా వెనకాలే వెళ్తే "వీడొస్తే కలిసిరాదురా" అనేవారు. పెద్దయ్యాక పెళ్ళిళ్ళలో కనబడినా "చోటు వదిలినోడు" అనే అనేవారు, నవ్వుతూనే. నేనూ నవ్వేవాణ్ణి. ఇంట్లోవాళ్ళకి కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఇప్పుడు కలిదిండి దగ్గర చేపల చెరువులకి కాపలా ఉంటున్నాను. ఆదివారం పొద్దున్నే కుర్రాళ్ళు సన్నటి సైకిళ్ళ మీద గట్టు రోడ్డున పోతుంటారు. హ్యాండిల్‌కి ఫోను. ఎవరు ముందో ఎవరు వెనకో అదే చెప్తుందట. దారిలో నిలబడ్డ మనిషిని ఇప్పుడెవరూ ఏమీ అడగరు...

బాబాయి పోయాడు. ఆ గుంపులో ఒక్కరూ మిగల్లేదు. సత్తిబాబు గారు ఉంటే తొంభైకి దగ్గర పడి ఉంటారు. గూడెం వైపు వాళ్ళు ఎవరైనా ఎరుగుదురా అండీ? ఆ పొద్దున తూము దగ్గర నేనున్నానని తెలిసిన మనిషి ఈ లోకంలో ఆయనొక్కరే.

మీ చిన్ననాటి సంగతులూ రాయండి, ఒక్కటీ వదలకుండా చదువుతాను. ఆయన కబురు తెలిస్తే మాత్రం... ఆలస్యం చెయ్యకుండా జవాబు రాయండి.