రెండు సర్వీసు పుస్తకాలు

చిన్నతాతయ్య పొద్దున్నే మొహం కడుక్కుని చేసే మొదటి పని నోటుపుస్తకంలో గీత గీయడం. నిన్న రాసినదాని కింద స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో ఒక్క గీత గీస్తారు. తర్వాత నీలం పెన్ను తీసి కొత్త తేదీ వేస్తారు. అందులో పెద్ద విషయాలేమీ ఉండవు. వాన పడిందా లేదా, చిన్ననానమ్మ మోకాలు ఎలా ఉంది, పక్కింటి కుక్క గోడ దూకిందా. తన గురించి మాత్రం ఒక్క ముక్క రాయరు.

"నిన్న మందు మింగకుండా ఎగ్గొట్టానని కూడా రాసుకోండి" అంటుంది చిన్ననానమ్మ.

"ఎవడి గురించి వాడు రాసుకోకూడదే."

"ఏ మహానుభావుడు పెట్టాడో ఈ రూలు!"

"సైన్యం పెట్టింది."

అది నిజమే. ఆయన సైన్యంలో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా పనిచేశారు. ప్రతి సైనికుడికీ ఒక సర్వీసు పుస్తకం ఉంటుంది. చేరిన తేదీ, ఎత్తు, బరువు, పోస్టింగులు, శిక్షలు, పతకాలు అన్నీ అందులోకి ఎక్కాలి. రాసేది గుమాస్తా, కింద సంతకం అధికారిది. గుమాస్తాకీ ఒక పుస్తకం ఉంటుంది కానీ దాన్ని అతను ముట్టుకోకూడదు. రెండో గుమాస్తా రాయాలి. అందుకే ప్రతి ఆఫీసులోనూ ఇద్దరు ఉంటారు, ఒకరి బతుకు ఇంకొకరి చేతిరాతలో ఉంటుంది.

చిన్నతాతయ్యతో పనిచేసిన రెండో గుమాస్తాని అందరూ సిరాబుడ్డి అనేవారు. పొట్టిగా, గుండ్రంగా ఉండేవాడట, చొక్కా జేబు మీద ఎప్పుడూ ఒక మరక. చిన్నతాతయ్యది సన్నగా నిటారుగా ఉండే ఆకారం కాబట్టి ఆయన రూళ్లకర్ర. "రూళ్లకర్రా, సిరాబుడ్డీ విడివిడిగా ఉంటే ఆఫీసు నడవదు" అనేవారట యూనిట్‌లో.

కొండ మీద యుద్ధం వచ్చినప్పుడు గుమాస్తాలు కూడా యూనిట్‌తో పాటు పైకెక్కారు. అక్కడ రాయడానికి ఏమీ లేదు. మనుషులు చాలకపోతే తిండిమూటలు మోశారు, దెబ్బలు తగిలినవాళ్లను స్ట్రెచర్ల మీద కిందికి దించారు. ముప్పై ఎనిమిది రోజులు మంచులో ఉన్నారు. సిరాబుడ్డి ఎడమచేతి చిటికెనవేలు కొన చలికి చచ్చిపోయింది. "పోతే పోయిందిలేరా, రాసే చెయ్యి కాదుగా" అని వాడే నవ్వాడని చిన్నతాతయ్య చెబుతారు.

కిందికి దిగిన కొన్ని వారాలకు పతకాల జాబితా వచ్చింది. పైకెక్కిన ప్రతివాడికీ రెండు పతకాలు. నూట నలభై పైచిలుకు పుస్తకాల్లో రాయాలి. సరిగ్గా అప్పుడే సిరాబుడ్డి, నాన్నకి బాగోలేదని సెలవు పెట్టి వెళ్లాడు. పది రోజుల సెలవు పద్నాలుగు రోజులైంది. ఆ పుస్తకాలన్నీ చిన్నతాతయ్య ఒక్కరే రాశారు. అప్పటికి ఆయన కూతురు, మా అత్తయ్య, పుట్టి నెల దాటింది. రెండో గుమాస్తా వస్తేగానీ ఆయనకు సెలవు లేదు.

సిరాబుడ్డి తిరిగొచ్చిన రోజు, భోజనాల దగ్గర అందరి ముందూ చిన్నతాతయ్య అడిగారు. "ఏరా, ఈసారి మీ నాన్నకి ఏమొచ్చింది? నీకు సెలవు కావాల్సినప్పుడల్లా పాపం ఆయన మంచం ఎక్కుతాడే!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. సిరాబుడ్డి పళ్లెం తీసుకుని లేచిపోయాడు. ఆ తర్వాత చిన్నతాతయ్యతో మాట్లాడలేదు.

పుస్తకాలన్నీ అయిపోయాయి, వాళ్లిద్దరివీ తప్ప. చిన్నతాతయ్య తన పుస్తకం తీసుకెళ్లి సిరాబుడ్డి బల్ల మీద పెట్టారు. మర్నాటికి సిరాబుడ్డి పుస్తకం ఈయన బల్ల మీద ఉంది. వాడు రాశాక నేను రాస్తాను అనుకున్నారు ఈయన. అవతల వాడూ అదే అనుకుని ఉంటాడు. మూడు వారాలు ఆ రెండు పుస్తకాలూ అలా ఎదురుబొదురుగా పడి ఉన్నాయి. తర్వాత సిరాబుడ్డికి బదిలీ వచ్చింది. పుస్తకాలన్నీ కట్టలు కట్టి పైఆఫీసుకు పంపేశారు.

"అరనిమిషం పనమ్మా," అన్నారు చిన్నతాతయ్య నాతో. "రెండే రెండు లైన్లు."

ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లప్పుడు, మాజీ సైనికుల సంఘం వాళ్లు తమ హాలులో ఒక రాతిపలక పెట్టాలనుకున్నారు. కొండ మీద యుద్ధంలో పనిచేసిన చుట్టుపక్కల జిల్లాల వాళ్ల పేర్లు చెక్కిస్తారు. సంఘం కార్యదర్శి రికార్డులు తెప్పించి చూశాడు.

"మీ పుస్తకంలో పతకాల పేజీ ఖాళీగా ఉంది బాబాయ్."

"నేను పైకెక్కానయ్యా. ముప్పై ఎనిమిది రోజులున్నాను."

"కాదనడం లేదు. కానీ రికార్డులో లేనిది రాతి మీద ఎలా చెక్కిస్తాం?"

వెనక కుర్చీలోంచి ఎవరో అన్నారు, "గుమాస్తా కదా, కింద ఆఫీసులో కాగితాలకు కాపలా కాసి ఉంటాడు." ఎవరో నవ్వారు.

ఇంటికొచ్చాక ఆయన అన్నం సరిగా తినలేదు. "పేరు కోసం కాదు," అన్నారు. "నేను అక్కడ లేనంటున్నారు."

రికార్డుల ఆఫీసుకు ఆయనకు తోడుగా నేను వెళ్లాను. పొడవాటి గది, కప్పుదాకా ఇనుప బీరువాలు, గోడ పక్కన తెగిన కుర్చీలు. కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తా అమ్మాయి ఫైలు తెచ్చి ఓపిగ్గా తిరగేసింది.

"తాతగారూ, అసలు జాబితా వరదలో పోయింది. అప్పుడు పుస్తకం రాయాల్సిన రెండో గుమాస్తా సంతకం చేసిన వాంగ్మూలం ఉంటే సరిపోతుంది. ఆయన ఉన్నారా?"

చిన్నతాతయ్య ఫైలు మూసి ఆమె వైపు జరిపి లేచారు. ఇంటికొచ్చి విషయం చెబితే చిన్ననానమ్మ చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది.

"ఆయన ఉత్తరం రాశాడు కదా!"

"ఎప్పుడు?" అన్నాను నేను.

"ఎనిమిదేళ్లయింది. లావుపాటి కవరు. ఈయన పైన చేతిరాత చూశారు, పోస్టుమాన్‌కి తిరిగిచ్చేశారు. కనీసం విప్పి చూడండీ అన్నాను. తీసుకోలేదని రాసి పంపెయ్యమన్నారు."

"క్షమాపణ చెప్పడానికి రాశాడనుకున్నాను," అన్నారు చిన్నతాతయ్య. "అన్నేళ్లు పట్టిందా వీడికి అనుకున్నాను."

సంఘంలో అడిగి సిరాబుడ్డి చిరునామా సంపాదించాం. మూడు గంటల ప్రయాణం. రెండో అంతస్తులో చిన్న ఇల్లు. తలుపు తీసిన ఆవిడ చిన్నతాతయ్యని కిందినుంచి పైదాకా చూసింది.

"మీరు రూళ్లకర్ర అన్నయ్యగారు కదూ?"

"అవునమ్మా. వాడు…"

"ఆయన పోయి మూడేళ్లయింది. లోపలికి రండి."

చిన్నతాతయ్య గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ మంచినీళ్లు ఇచ్చింది. ఎందుకొచ్చారని అడగలేదు. బీరువా తెరిచి, బట్టల కింద నుంచి ఒక లావుపాటి కవరు తీసి బల్ల మీద పెట్టింది. తపాలా ముద్రల మీద అడ్డంగా 'తీసుకోలేదు' అని రాసి ఉంది. కవరు అంటించింది అంటించినట్టే ఉంది.

"మీకు రాసింది. మీరే విప్పాలి," అందావిడ.

ఆయన కవరు నా చేతికిచ్చారు, నేనే చింపాను. లోపల ఉత్తరం లేదు. రెండు ఫారాలున్నాయి. ఒకటి ఖాళీది, కింద సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఉంది. సిరాబుడ్డి పతకాల గురించి చిన్నతాతయ్య ఇవ్వాల్సిన వాంగ్మూలం అది. రెండోది పూర్తిగా నింపి ఉంది. అది చిన్నతాతయ్య గురించి. నంబరు, హోదా, కొండెక్కిన తేదీ, దిగిన తేదీ, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో. కింద సిరాబుడ్డి సంతకం, సాక్షి సంతకం, ముద్ర.

చిన్నతాతయ్య కళ్లజోడు తుడుచుకుని చదివారు. మధ్యలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయారు. నాకు చూపించారు.

'పతకాల జాబితా యూనిట్‌కు వచ్చినప్పుడు నేను నా తండ్రి మరణం కారణంగా సెలవులో ఉన్నాను. తిరిగి వచ్చిన తర్వాత జాబితాను స్వయంగా చూశాను. అందులో ఇతని పేరు ఉంది.'

"చెప్పలేదమ్మా వాడు," అన్నారు ఆయన ఆవిడతో. "నాకు చెప్పలేదు."

"చెప్పనిచ్చారా?" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "మీరు అడిగిన మాటకి అందరూ నవ్వారట. ఆ నవ్వుల మధ్య 'మా నాన్న పోయాడు' అని ఆయన్ని ఎలా చెప్పమంటారు?"

చిన్నతాతయ్య ఖాళీ ఫారం ముందుకు లాక్కుని పెన్ను తీశారు. ఎక్కడా ఆగకుండా నింపారు. తేదీలు ఒక్కటీ తడుముకోలేదు. చిటికెనవేలి సంగతి కూడా రాశారు. సంతకం చేసి ఆవిడ వైపు తిప్పారు.

"ఇక్కడ నీ సంతకం కావాలమ్మా. భార్య దరఖాస్తు చేస్తేగానీ తీసుకోరు."

ఆవిడ కాగితం వంక చూసింది కానీ పెన్ను అందుకోలేదు.

"కవరు వెనక్కొచ్చినప్పుడు ఆయన నవ్వారన్నయ్యగారూ. రూళ్లకర్ర వంగడులే అన్నారు. ఇంకొకటి పంపండి, ఫోనన్నా చేయండి అన్నాను. నేను రాసేశానుగా, ఇక వాడి వంతు అన్నారు. మంచంలో ఉన్నప్పుడు కూడా పోస్టుమాన్ గొంతు వినిపిస్తే తల ఎత్తేవారు. ఇప్పుడా పతకాలొస్తే నేనేం చేసుకోను? ఎవరికి చూపించను?"

చిన్నతాతయ్య రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన అంత వంగి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"సంతకం ఇప్పుడే పెట్టక్కర్లేదమ్మా," అన్నారు చివరికి. "కాగితం నీ దగ్గర ఉంచు."

"ఉంచండి. చూద్దాం."

సిరాబుడ్డి వాంగ్మూలం రికార్డుల ఆఫీసులో చెల్లింది. ఏడు నెలలకు చిన్నతాతయ్య సర్వీసు పుస్తకంలో రెండు లైన్లు ఎక్కాయి. ఆ గుమాస్తా అమ్మాయే రాసిందట. పతకాలు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చాయి. సంఘం వాళ్లు రాతిపలక మీద పేరు చెక్కడానికి మనిషిని పిలిపించారు. చిన్నతాతయ్య వెళ్లి, ఇద్దరి పేర్లకు చోటు వదలమని, రెండూ ఒకేసారి చెక్కించమని చెప్పి వచ్చారు.

"మీది రికార్డులోకి వచ్చేసింది కదా బాబాయ్, ఇంకెందుకు ఆగడం?" అన్నాడు కార్యదర్శి.

"ఒక్కడినే అక్కడ లేనయ్యా" అన్నారాయన.

ఇప్పుడు చిన్నతాతయ్యకు ఎనభై ఒకటి. నెలకోసారి బస్సెక్కి ఆవిడ ఇంటికి వెళ్తారు. పింఛను కాగితాలు చూసిపెడతారు, టీ తాగుతారు, సాయంత్రానికి తిరిగొస్తారు. ఆవిడ ఇంకా సంతకం పెట్టలేదు.