పట్నంలో మేం నలుగురం తిరిగిన వేసవి

మా ఆయన గొంతులో గడ్డ ఉందని తేలిన ఏడాది మేమిద్దరం విశాఖపట్నంలో ఏడు వారాలు ఉన్నాం. పెళ్లయ్యాక నేను షికార్లు తిరిగింది ఆ ఏడు వారాల్లోనే. వినడానికి బాగుండదని ఈ మాట ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు.

మాది పెదబయలులో కిరాణా కొట్టు. మా మామగారు కింద మైదానం నుంచి కొండెక్కి వచ్చి పెట్టింది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి మా ఆయన తెల్లారి షట్టరు ఎత్తితే మళ్లీ రాత్రి అన్నం వేళకే దించేవారు. విశాఖపట్నం మాకు సరుకు తెచ్చుకునే ఊరు. పొద్దున్న బస్సుకి దిగి, హోల్‌సేలు కొట్లు తిరిగి, లారీ ఆఫీసులో మూటలు అప్పజెప్పి తిరిగి బస్సెక్కేవాళ్లం. అక్కడ సముద్రం ఉందని తెలుసు. చూడ్డానికి ఎప్పుడూ పొద్దు చాలలేదు.

గొంతు బొంగురుపోతే, సంత రోజు అరిచి అరిచి అలా అయిందనుకున్నాం. మూడు నెలలైనా తగ్గకపోతే పట్నంలో చూపించాం. డాక్టరు గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపి, ఆపరేషన్ అక్కర్లేదు, కరెంటు పెడితే సరిపోవచ్చు అన్నాడు. కరెంటు అంటే రేడియేషను. అక్కడ అందరూ అలాగే అంటారు. వారానికి అయిదు రోజులు, ఏడు వారాలు. కొట్టు మా మరిదికి అప్పజెప్పి, ఉగాది వెళ్లగానే వచ్చి ఆసుపత్రి దగ్గర సత్రంలో గది తీసుకున్నాం.

కరెంటుకు పట్టేది పావుగంట. తరవాత రోజంతా ఖాళీ. మొదటి మూడు రోజులు గదిలో ఎదురెదురు మంచాల మీద కూర్చున్నాం. ఆయన గంటకోసారి కొట్టుకు ఫోను చేసి, బెల్లం ఏ మూల ఉందో, పిండిమర బెల్టు ఎవరు మార్చాలో చెబుతూనే ఉన్నారు. నాలుగో రోజు డాక్టరు ఆయన్ని గట్టిగా కోప్పడ్డాడు. మాట తగ్గించకపోతే గొంతు మిగలదన్నాడు. ఆయన బయటికొచ్చి ఫోను తీసి నా చేతిలో పెట్టారు.

"ఇంక దీంతో నాకేం పని," అన్నారు గుసగుసగా. "పద, సాయంత్రం సముద్రం చూద్దాం."

ఆ మాట అన్నది ఆసుపత్రిలో కరెంటు గది బయట బెంచీల దగ్గర. అప్పుడే వెనక నుంచి ఎవరో పిలిచారు.

"సావుకారూ! నువ్వేటి, ఇక్కడున్నావు?"

పెదబయలు పైన కొండల్లో ఒక ఊరి ఆమె. సంతకు పసుపు, పిప్పళ్లు దింపుకొచ్చేది. ఇరవై ఏళ్లుగా ఆ మొహం నాకు తెలుసు. పేరేమిటో ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అడిగాను. పేరుతో పాటు జబ్బు సంగతీ చెప్పింది. కుడి రొమ్ము తీసేశారట, ఇప్పుడు కరెంటు పెడుతున్నారట. పక్కన కూతురు, ఇరవై ఏళ్ల గుంట, కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాళ్లూ మా సత్రంలోనే, కింది అంతస్తులో, హాల్లో ఉంటున్నారు.

"సాయంత్రం సముద్రానికి వెళ్తున్నాం, వస్తారా?" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. పరాయి ఊళ్లో తెలిసిన మొహం కనబడిన సంతోషం కావచ్చు.

ఆ సాయంత్రం నలుగురం ఒకే ఆటోలో బీచి రోడ్డులో దిగాం. కూతురు చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలోకి పరిగెత్తింది. తల్లి మాత్రం ఒకసారి సముద్రం చూసి, దానికి వీపు పెట్టి గట్టు మీద కూర్చున్న జనాన్ని చూస్తూ నిలబడింది.

"ఇంతమందికి పనేటీ లేదా?" అంది.

"సాయంత్రం కదా, గాలికి వస్తారు," అన్నాను.

"గాలికే! మగోళ్లు కూడానా?"

మా ఆయన నవ్వారు. శబ్దం రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో అప్పుడు గుర్తొచ్చింది.

అలా మొదలైంది. ఎండ తగలకూడదు గనక పొద్దు వాలాకే బయల్దేరేవాళ్లం. కైలాసగిరి మీదకు తాడు మీద నడిచే డబ్బాలో వెళ్లాం. పైన దిగి చుట్టూ చూసి ఆమె, "ఇది కొండేటి, మా పొలం గట్టంతే ఉంది," అంది. ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామిలోకి టిక్కెట్టు తీసుకుని దూరాం. సగం దూరం వెళ్లేసరికి మా ఆయన ఎదుటివాళ్లను తోసుకుంటూ బయటపడ్డారు. చూస్తే చొక్కా అంతా చెమట. నీళ్లు తాగించాక చెప్పారు. కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా మొహం మీద ప్లాస్టిక్ ముసుగు వేసి బల్లకు బిగిస్తారట, జలాంతర్గామి లోపలా అలాగే అనిపించిందట. రోజూ ఆ గది తలుపు దాకా వెళ్లి బయట కూర్చుంటున్న నాకు ఆ సంగతి అప్పటిదాకా చెప్పలేదు.

"చెబితే నువ్వేం చేస్తావు?" అన్నారు.

ఆమె పక్కనే ఉంది. "సెప్పాల, సావుకారూ. సెప్తే నీ బయంలో సగం సావుకారమ్మకీ వస్తాది," అంది. మర్నాటి నుంచి ఆయన రోజూ చెప్పారు.

నాలుగో వారంలో సత్రం మేనేజరు తన కూతురి పెళ్లి రిసెప్షనుకు మమ్మల్నందర్నీ పిలిచారు. పెద్ద ఫంక్షను హాలు, ఏసీ, వేదిక నిండా పూలు. మా ఆయన మెడ మీద కరెంటుకు గీసిన రంగు గీతలున్నాయి. చర్మం నల్లబడి ఉంది. కాలరు పైదాకా గుండీలు పెట్టుకున్నా కనబడుతూనే ఉన్నాయి. భోజనాల దగ్గర పక్క కుర్చీలో ఒకావిడ ఆ మెడ చూసి, చంటిపిల్లను చంకలోకి ఎత్తుకుని రెండో వైపుకు వెళ్లిపోయింది. మేం నలుగురం చూశాం. కొండ ఊరి ఆమె పళ్లెం తీసుకుని, ఖాళీ అయిన ఆ చోటే వచ్చి మా ఆయన పక్కన కూర్చుంది.

అప్పుడు నాకొకటి గుర్తొచ్చింది. సంత రోజు మా కొట్టు అరుగు మీద ఆమెకు ఎన్నోసార్లు టీ ఇచ్చాను. స్టీలు గ్లాసులో కాదు. కొండవాళ్లకని విడిగా పెట్టిన గాజు గ్లాసులో. తాగాక వాళ్లే కడిగి బోర్లించాలి. మా అత్తగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. ఎందుకని నేనూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. ఆ హాల్లో ఆమె మా ఆయన పళ్లెంలోని కారం ముక్కలు తీసి తన పళ్లెంలో వేసుకుని, తన పెరుగన్నం ఆయన వైపు జరిపింది. ఆయనకు గొంతు దిగేది అదొక్కటే. ఆయన తిన్నారు.

తిరిగొచ్చే దారిలో ఆమెను మొదటిసారి "అప్పా" అని పిలిచాను. మా వైపు అప్ప అంటే అక్క. నాకన్నా ఆరేడేళ్లు పెద్ద. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. మర్నాటి నుంచి సావుకారమ్మ అనడం మానేసి "సెల్లీ" అనడం మొదలుపెట్టింది.

ఆ వారమే ఆమె ఊరి నుంచి ఫోను వచ్చింది. ఇటుకల పండగ పెట్టారట. చైత్రంలో కొండల మీద అదే పెద్ద పండగ. విత్తనాలకు పూజ చేయించుకుంటారు, మగవాళ్లు వేటకు వెళ్తారు, ఆడవాళ్లు దారికి తాడు కట్టి వచ్చేపోయేవాళ్లను ఆపి ఆటలాడతారు, పగలూ రాత్రీ నడుములు పట్టుకుని వరసకట్టి థింసా ఆడతారు. ఆ ఊళ్లో పాట ఎత్తేది ఆమేనట. చిన్నప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదట.

"వారం ఎల్లొస్తాను సెల్లీ. మళ్లీ వచ్చి పెట్టించుకుంటాను."

కూతురు వెళ్లి డాక్టరును అడిగింది. మధ్యలో ఆపితే పెట్టిందంతా వృథా అవుతుందన్నాడు. కూతురు చెప్పింది, ఆమె వినలేదు. సంచి సర్దుకుంది. అప్పుడు మా ఆయన వెళ్లి ఆమె ముందు నిలబడ్డారు. అప్పటికి ఆయన గొంతు పూర్తిగా పోయింది. ఒక్కొక్క మాటా ఊపిరితో తోస్తూ, "పండగ వచ్చే ఏడూ వస్తాది. నువ్వుండాలి కదా," అన్నారు.

నేనూ అదే అన్నాను. ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సంచిలోంచి చీర తీసి మళ్లీ దండెం మీద వేసింది.

పండగ రోజు ఆమెను సత్రంలో ఉంచబుద్ధి కాలేదు. బీచి దగ్గర వేసవి సంబరాలు జరుగుతున్నాయి. స్టేజీ, లైట్లు, తినుబండారాల స్టాళ్లు. కొండ థింసా కూడా ఉంటుందని కూతురు ఫోనులో చూసి చెప్పింది. నలుగురం వెళ్లి వెనక కుర్చీల్లో కూర్చున్నాం. ఒకే రంగు చీరలు కట్టిన పదిహేను మంది ఆడవాళ్లు వరసగా వచ్చి ఆడారు. జనం ఈలలు వేశారు, ఫోన్లు పైకెత్తారు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. యాంకరు తరవాతి పాట చెప్పేసింది.

"అయిపోనాదా?" అంది ఆమె.

"అయిపోయిందప్పా."

"ఇప్పుడే కదా కాళ్లు ఏడెక్కుతాయి. అప్పుడే ఆపేత్తే ఎలాగ?"

లేచి ఇసకలోకి నడిచింది. వెనకే వెళ్లాం. స్టేజీ శబ్దం తగ్గే దాకా వెళ్లి ఆగి, ఎడం చెయ్యి నా నడుం చుట్టూ వేసింది. కుడి చెయ్యి ఆపరేషనైన దగ్గర నుంచి పైకి లేవదు. దాన్ని కూతురు పట్టుకుంది. సన్నగా పాట ఎత్తింది. వాళ్ల భాష నాకు ఒక్క ముక్క తెలియదు. రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి. నేను ప్రతిసారీ తప్పుతున్నాను.

"కిందకి సూడకు సెల్లీ. కాళ్లు వాటికవే ఎల్తాయి."

మా ఆయన చెప్పులు కావలి కాస్తూ కూర్చున్నారు. వాకింగుకు వచ్చినవాళ్లు కొందరు ఆగి చూశారు. మా ఊళ్లో అయితే సావుకారి పెళ్లాన్ని అలా ఎవరూ చూసి ఉండరు. ముప్పై ఏళ్లు థింసా ఆడే కొండల మధ్య ఉండి నేను అడుగు కలిపింది విశాఖపట్నం ఇసకలో. ఆమె పాట మధ్యలో రెండుసార్లు ఆగింది. ఆయాసం అనుకున్నాను. చీకట్లో మొహం కనబడలేదు.

మే నెల చివర్న ఆమె కరెంటు ముందు, మాది నాలుగు రోజుల తరవాత అయిపోయింది. మా ఆయనకు గొంతు కొంత తిరిగొచ్చింది. సంత రోజు కేకేసి పిలవలేరు గాని దగ్గర కూర్చుంటే వినబడుతుంది. ఆమె వానల్లో కూడా సంతకు వచ్చింది. వస్తే లోపలికొచ్చి వంటింట్లో పీట మీద కూర్చునేది. గాజు గ్లాసు నేను తీసేశాను. తీసేశానని ఆమెకు చెప్పలేదు, చెప్పే మొహం లేదు. దసరా తరవాత రావడం తగ్గింది. నడుం నొప్పి అన్నారు. జబ్బు ఎముకలకు పాకిందని తరవాత తెలిసింది. చలి ముదిరాక ఒక సంత రోజు కూతురు ఒక్కతే వచ్చి కొట్టు ముందు నిలబడింది. మా ఆయన ఆ మొహం చూసి, జనం ఉండగానే షట్టరు దించేశారు.

చైత్రంలో వాళ్ల ఊళ్లో మళ్లీ పండగ పెట్టారు. మేమిద్దరం వెళ్లాం. జీపు దిగి కొంత దూరం నడవాలి. ఊరి మొదట్లో ఆడవాళ్లు తాడు పట్టి ఆపారు. నవ్వుతూనే ఉన్నారు గాని, మేం ఎవరమో తెలిశాక తాడు కిందకి వదిలేశారు. ఆ ఏడు పాట వేరే ఆమె ఎత్తింది.

కూతురు మాకు అన్నం పెట్టింది. తింటున్నంతసేపూ నా గొంతులో ఉన్న మాట చివరికి అనేశాను.

"అమ్మను ఆ రోజు మేమే ఆపేశాం. పంపించాల్సింది."

లేదని అంటుందనుకున్నాను. ఆ గుంట కూర గిన్నె కింద పెట్టింది.

"అవునమ్మా," అంది. "నేనూ ఆపేను. మా అమ్మ సచ్చిపోయేముందు కూడా దాని గురించే అడిగింది, పండగ ఎప్పుడొస్తాది అని."

మా ఆయన పళ్లెంలో చెయ్యి అలాగే ఉంచి తల వంచుకున్నారు. డాక్టరు చెప్పింది తప్పు కాదు, మేం అన్నదీ తప్పు కాదు. అయినా ఆమెకు మిగిలిన ఒక్క పండగా మా మాట మీద పోయింది. ఇది నాతో ఉంటుంది.

ఆ గుంట ఇప్పుడు విశాఖపట్నంలో నర్సింగు చదువుతోంది. ఎండాకాలంలో మేం చెకప్‌కు వెళ్తే ఆసుపత్రి గేటు దగ్గరే ఉంటుంది. కాగితాలన్నీ తనే చూస్తుంది. సాయంత్రం తనకు తెలిసిన చోట్లకు తిప్పుతుంది. పోయిన ఏడు కొత్తగా కట్టిన పార్కుకు తీసుకెళ్లింది. ఈ ఏడు హాస్టలు స్నేహితురాళ్లను వెంటబెట్టుకొచ్చి, "మా పిన్ని, మా సిన్నాన్న," అని చెప్పింది. అందరం గడ్డిలో కూర్చుని మొక్కజొన్న పొత్తులు తిన్నాం. మా ఆయన ఆ పిల్లలకు తన బొంగురు గొంతుతో పెదబయలు సంత సంగతులు చెప్పారు. వినబడక వాళ్లు దగ్గరకు జరిగి కూర్చున్నారు.