కుడి పేజీలోని వాళ్ళు

ఈ ఆదివారం పొద్దున స్టవ్ మీద తిప్పతీగ, మిరియాలు, అతిమధురం మరుగుతుంటే చేదూ తీపీ కలిసిన వాసన ఇల్లంతా నిండింది. ఆ వాసనకు నాకు రెజిమెంటల్ బజార్‌లోని రుక్కమ్మక్క మూలికల దుకాణం గుర్తొస్తుంది. వానాకాలం వస్తే ఆమె పెద్ద గిన్నెలో కషాయం కాచి, వచ్చినవాళ్ళందరికీ తలా గ్లాసుడు పోసేది. నేను ఆ దుకాణం పై గదిలో అద్దెకుండేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగినా, కనిపించినదల్లా లెక్కపెట్టడం నా అలవాటు.

ఒక ఏడాది వానలతోపాటు ఫ్లూ జ్వరాలు పెరిగాయి. కషాయం తాగడానికి వచ్చేవాళ్ళ పేర్లు ఇరవై రోజులు వరసగా రాశాను. మధ్యలో మానేసినవాళ్ళను క్రమం తప్పారని కొట్టేశాను. మిగిలినవి ముప్పై నాలుగు పేర్లు. ఒక్కరికీ జ్వరం లేదు.

"అక్కా, ఈ ఆకుల్ల ఏదో సత్తువుంది. ఫ్లూ రానియ్యదని బోర్డు రాయిద్దాం" అన్నాను.

ఆమె గరిటె తిప్పడం ఆపలేదు. "జ్వరమొచ్చి పండుకున్నోళ్ళు నీకు చెప్పనీకి ఈడికెట్లొస్తరు మల్లేశూ?"

నోటుపుస్తకం మళ్ళీ తిరగేశాను. కొట్టేసిన పేర్లు పదకొండు. మర్నాడు ఆ ఇళ్ళన్నీ తిరిగాను. ఏడుగురు జ్వరంతో మంచం మీదే ఉన్నారు. అందులో ఇద్దరి తలాపున మా కషాయం ఫ్లాస్కు కూడా ఉంది.

అప్పుడు భయం పట్టుకుంది. నేరేడ్‌మెట్‌లో ఉండే నర్సింలు కాకాకు డెబ్బై దాటాయి, ఆయాసం మనిషి. ఫ్లూ టీకా వేయించుకొమ్మని డాక్టరు చెబితే, నా ముప్పై నాలుగు పేర్ల సంగతి విని మానుకున్నాడు. అక్కకు చెప్పాను.

"గొంతుకు హాయిగుంటదని నేను పోస్తున్న. అంతకంటె నాకు తెల్వది. నువ్వు చెప్పినవ్, తప్పని సుత నువ్వే పోయి చెప్పు" అంది.

వెళ్ళి చెప్పాను. కాకా నా నోటుపుస్తకం వైపు చూశాడు. "మొన్నొక లెక్క, ఇయ్యాలొక లెక్క. నీ పుస్తకానికి జ్వరమొచ్చిందా ఏంది?"

"వచ్చింది కాకా. జెర అంగీ ఏసుకో, పోదాం."

ఆస్పత్రిలో టీకా అయ్యేదాకా సణుగుతూనే ఉన్నాడు. అక్కడినుంచి ఆటోలో నేరుగా దుకాణానికి వచ్చాం.

"రుక్కమ్మా, సూది ఏయించుకున్న. ఇగ కషాయం పోస్తవా, దానికి సుత వీని పుస్తకం చూడాల్నా?"

అక్క నవ్వుతూ రెండు గ్లాసులు నింపింది. బోర్డు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ వానాకాలం కాకా బాగానే గట్టెక్కాడు. టీకా వల్లనా, మరి దేనివల్లనా అని ఒక్క మనిషిని చూసి లెక్క కట్టే అలవాటు అప్పటికి నాకు పోయింది.

ఇప్పుడు ఆ దుకాణం లేదు. మోకాళ్ళ నొప్పులతో అక్క యాప్రాల్‌లో కూతురి దగ్గర ఉంటోంది. నేను ఏ లెక్క రాసినా ఎడమ పేజీ వచ్చినవాళ్ళకు, కుడి పేజీ రానివాళ్ళకు. ఆదివారాలు ఫ్లాస్కు పట్టుకొని ఆమె దగ్గరికి వెళ్తాను. ఇవాళా వెళ్ళాను.

"వారం వారం ఇంత దూరమెందుకు తమ్మీ?" అంది.

"నువ్వు రాలేవు గదక్కా. కుడి పేజీల ఉన్నవ్."

ఫ్లాస్కు మూతలో పోసిస్తే ఒక గుక్క తాగింది.

"మిరియాలు తక్కువైనయ్. అది సుత రాసుకో."