"ఏం కాదులెండి" అంటే నమ్మని మనిషి

మేడమ్ పోయారని ఆదివారం పొద్దున్నే వాళ్ళాయన ఫోన్ చేసి చెప్పారు. "నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అని ఒక్క మాట అని పెట్టేశారు. నేను వెంటనే నమ్మలేదు. గొంతు ఆయనది కాదేమోనని అనుమానం వచ్చింది. ఆ నంబరుకి నేనే ఫోన్ చేసి, "మాస్టారూ, ఇందాక మాట్లాడింది మీరేనా?" అని అడిగాను.

"నేనేనమ్మా. అడుగుతావనుకున్నాను" అన్నారాయన.

అప్పుడు ఏడుపొచ్చింది. వచ్చిన ఫోన్‌ని కాదు, మనం తిరిగి చేసిన ఫోన్‌ని నమ్మమని నాకు నేర్పింది ఆవిడే.

మా కంపెనీ భీమవరంలో రొయ్యల మేత అమ్ముతుంది. దాంతోపాటు రైతులకు ఒక ఫోన్ సేవ కూడా నడుపుతుంది. చెరువు గట్టు మీద మోటారు పక్కన చిన్న పెట్టె ఒకటి బిగిస్తారు. కరెంటు పోయి, నీళ్ళని చిలికే ఏరేటర్లు ఆగిపోతే, ఆ పెట్టె కబురు పంపుతుంది, రైతుకి ఫోన్ మోగుతుంది. ఆయన పరుగెత్తి జనరేటరు వేసుకుంటాడు. ఆ ఫోన్ మోగకపోతే గాలి అందక రొయ్యలు తేలిపోతాయి. ఒక కుటుంబం పంటంతా పోతుంది. ఆ సేవలో ఏ చిన్న మార్పు చేయాలన్నా, కొత్త వెర్షన్ రైతుల దాకా వెళ్ళాలన్నా, మేడమ్ సరే అనాలి. గది తలుపు మీద చేంజ్ మేనేజర్ అని ఉండేది. ఆఫీసులో చాటుగా "చెక్‌పోస్టు" అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకు తెలుసనే నా అనుమానం. నేను రైతుల ఫోన్లు తీసుకునే డెస్కులో ఉండేదాన్ని, ఆవిడ గదికి ఎదురుగానే.

ఆవిడ నరసాపురం నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. అన్నేళ్ళు తిరిగిన దారే అయినా, బోగీ తలుపు దగ్గర నిలబడి స్టేషన్ బోర్డు చదివాకే దిగేవారు. క్యాంటీన్లో టీ ఇస్తే ముందు వాసన చూసేవారు. "పాలు మార్చారా?" అని అడిగేవారు. "లేదండి" అంటే ఇంకాస్త అనుమానంగా చూసేవారు. ఒకసారి కొత్త వెర్షన్ ఎక్కించే రోజున సాఫ్ట్‌వేర్ వాళ్ళు కాకినాడ కాజాల డబ్బా తెచ్చారు. ఆవిడ మూత కూడా తీయకుండా బీరువాలో పెట్టి, "ముందు పని నడవనివ్వండి, తర్వాత తిందాం" అన్నారు. మూడు రోజులపాటు డబ్బా బయటికి రాలేదు.

ఎవరైనా వచ్చి "పెద్దగా ఏం మారలేదండి" అంటే చాలు, ఆవిడ కళ్ళజోడు తీసేసేవారు. "ఏం మారకపోతే నా దగ్గరికి ఎందుకొచ్చారండి? ఏదో మారింది. మీరు చెప్పట్లేదు, లేదా మీకే తెలీదు. రెండోదైతే మరీ ప్రమాదం." ఆ తర్వాత ఎప్పుడూ అడిగేదే అడిగేవారు. "సరే, ఎక్కించారు. పాడైంది. పాతదానికి ఎలా తిరిగొస్తారు?" దీనికి జవాబు లేకుండా ఆవిడ గదిలోంచి ఆమోదంతో బయటికొచ్చినవాళ్ళని నేను చూడలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "మీరు ఎవర్నీ నమ్మరా మేడమ్?" అని.

"మనుషుల్ని నమ్ముతానమ్మా" అన్నారు. "వాళ్ళు చెప్పే 'ఏం కాదులెండి' అన్న మాటనే నమ్మను."

ఆవిడ గురించి చెప్పాలంటే ఆ చెరువు గట్టు సంగతి చెప్పాలి.

ఫోన్ సేవకు పూర్తిగా కొత్త వెర్షన్ తయారైంది. హైదరాబాదు నుంచి ఒక ప్రాజెక్ట్ లీడ్ వచ్చి మా ఊళ్ళోనే మకాం పెట్టాడు. చురుకైనవాడు, మాట మెత్తన. ఛైర్మన్ గారు రైతుల సభ పెట్టి, వేదిక మీద మీట నొక్కి దాన్ని ప్రారంభించాలనుకున్నారు. ఆహ్వానాలు అచ్చయిపోయాయి. మేడమ్ మాత్రం ముందు ఉప్పుటేరు వైపు ఒక ఊళ్ళో కొన్ని చెరువులకే పెట్టి చూద్దామన్నారు. అంతా బాగానే ఉందని రోజూ తెర మీద పచ్చటి గుర్తులు కనిపించేవి. ఒక రైతు నుంచి మాత్రం నా డెస్కుకి ఫోన్ వచ్చింది. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది, నాకు కబురే రాలేదు అని.

ఏ కాల్ ఎప్పుడు వెళ్ళిందో రాసుండే లాగ్‌ని ప్రాజెక్ట్ లీడ్ తీసి చూపించాడు. "కాల్ వెళ్ళిందండి. ఆయనే ఎత్తలేదు. పెద్దాయన కదా, చూసుకుని ఉండడు. ఏం కాదులెండి."

మేడమ్ లేచి, "పదండి, వెళ్దాం" అన్నారు.

ముగ్గురం కంపెనీ కారులో వెళ్ళాం. ఆ రైతు గట్టు మీద మేత బస్తాల పక్కన నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. మమ్మల్ని చూసి ఆయన ముఖం గట్టిపడింది.

"తప్పు నాదేనని చెప్పించుకోడానికొచ్చారాండి?"

"కాదండి. ఏం జరిగిందో తెలుసుకోడానికొచ్చాం" అన్నారు మేడమ్.

"ఫోను నా జేబులోనే ఉందండి బాబూ. మోగలేదు. అంతే. నేను అటు చూశాను కాబట్టి సరిపోయింది."

మేడమ్ ఆయన చేత మెయిన్ స్విచ్ తీయించారు. ఏరేటర్లు ఆగాయి. అంతలోనే ఆయన జేబులో ఫోన్ మోగింది. ప్రాజెక్ట్ లీడ్ హమ్మయ్య అనుకుని నవ్వాడు. పెద్దాయన ఫోన్ కేసి, మా కేసి మార్చి మార్చి చూశాడు. తననే అబద్ధాలకోరుని చేయడానికి మేమేదో చేశామన్న అనుమానం ఆ చూపులో స్పష్టంగా ఉంది.

"ఇప్పుడు మోగింది, సరే" అన్నారు మేడమ్. "నిన్నెందుకు మోగలేదో ఇంకా ఎవరూ చెప్పలేదు." కారు దాకా నడిచి, ఆగి, వెనక్కి తిరిగి అడిగారు. "నిన్న మీ ఒక్కరికే కరెంటు పోయిందాండి?"

"ఒక్కడికే ఎందుకు పోద్దండి? లైనంతా పోయింది. అటు చివరి దాకా."

ఆవిడ తలూపి కారెక్కారు. కారులో ప్రాజెక్ట్ లీడ్‌ని ఒకటే అడిగారు. "అన్ని చెరువులూ ఒక్కసారే ఆగితే ఏమవుతుందో చూశారా?" అతను అన్నీ చూశామన్నాడు, కానీ కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

ఆఫీసులో అప్పటికే ఒక మాట తిరుగుతోంది. పాత వెర్షన్ నడిపే బయటివాళ్ళ దగ్గర ఆవిడకేదో కమిషన్ ముడుతోందని, అందుకే కొత్తదాన్ని అడ్డుకుంటోందని. మొదట ఎవరన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. నేనే వెళ్ళి ఆవిడతో చెప్పాను. ఆవిడ పెన్ను చేతిలోకి తీసుకుని, "అనుకోనీ. అందర్నీ అనుమానించే ఉద్యోగం నాది. నన్నొకరు అనుమానిస్తే కాదనే హక్కు నాకెక్కడిది?" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. చేతిలో పెన్ను మూత మాత్రం పెడుతూ తీస్తూ ఉన్నారు.

సాయంత్రం ఛైర్మన్ గారు ఆవిడని తన గదికి పిలిచారు. తలుపు తెరిచే ఉంది, మాటలు నాకు వినిపించాయి.

"కార్డులు పంచేశామమ్మా. పెద్దలంతా వస్తున్నారు. ఒక్క ఫోన్ రాలేదని ఇప్పుడు ఆపేస్తామా?"

"రేపు మధ్యాహ్నం దాకా ఆగండి సార్."

"తర్వాత సంతకం పెడతారా?"

"పెట్టేదీ లేనిదీ రేపు చెబుతానండి."

అన్ని చెరువులకీ ఒక్కసారే కరెంటు తీయించి చూడ్డానికి మర్నాడు ఎండ బాగా కాస్తున్న వేళని ఆవిడే చూసి ఎంచుకున్నారు. ఆ వేళ నీళ్ళలో గాలి నిండుగా ఉంటుంది, ఏరేటర్లు కాసేపు ఆగినా రొయ్యలకి ముప్పు ఉండదు. అయినా రైతులు ఒప్పుకోలేదు. చేతులు కట్టుకుని గట్టు మీద గుంపుగా నిలబడ్డారు.

"కరెంటు పోతే కాపాడతామని పెట్టెలు పెట్టారు. ఇప్పుడు మీరే తీసేయమంటున్నారు. ఏంటండీ ఇది?" అన్నాడొకడు.

"రొయ్యకేమన్నా అయితే ఎవరండి బాధ్యులు?" అన్నాడు ఇంకొకడు.

"నేనేనండి" అన్నారు మేడమ్. "మళ్ళీ అన్నీ తిరిగేదాకా ఇక్కణ్ణుంచి కదలను." అని గొడుగు తెరుచుకుని, ఖాళీ మేత బస్తా పరిచి గట్టు మీదే కూర్చున్నారు.

ఎవరూ కదల్లేదు. చివరికి నిన్నటి పెద్దాయనే ముందుకొచ్చాడు. "ఆయ్, నాకూ తెలియాలండి, నేను అబద్ధమాడానో లేదో" అంటూ తన మెయిన్ దగ్గరికి నడిచాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే తమ తమ చెరువుల దగ్గరికి వెళ్ళారు.

మేడమ్ చెయ్యెత్తి దించారు. అందరూ ఒక్కసారే మెయిన్ తీశారు.

ఆ గట్ల మీద ఎప్పుడూ ఉండే చప్పుడు ఆగిపోయింది. నీళ్ళు చదునుగా అయిపోయాయి. దగ్గర్లో ఒక ఫోన్ మోగింది. అవతలి గట్టున ఇంకొకటి. మరొకటి. తర్వాత ఏమీ లేదు. పెద్దాయన ఫోన్‌ని అరచేతిలో పెట్టుకుని మాకు కనిపించేలా చాపాడు. తెర నల్లగా ఉంది. అటు పక్క చెరువుల వాళ్ళు కూడా చేతుల్లో ఫోన్లు పైకెత్తి చూపిస్తున్నారు, మోగలేదని. ప్రాజెక్ట్ లీడ్ ఒక్కొక్కరి దగ్గరికీ పరుగెత్తాడు. అతని లాప్‌టాప్ నా ఒళ్ళో ఉంది. అందులో అందరికీ కాల్ వెళ్ళినట్టే పచ్చటి గుర్తులున్నాయి.

"వెయ్యండి" అని మేడమ్ గట్టిగా అరిచారు. ఆవిడ అరవడం నేను అప్పుడే విన్నాను. ఏరేటర్లన్నీ మళ్ళీ తిరిగేదాకా ఆవిడ మెడ చాచి ఒక్కో చెరువూ చూస్తూనే ఉన్నారు.

ప్రాజెక్ట్ లీడ్ చెమటతో తిరిగొచ్చాడు. "అన్నీ ఒక్కసారి వస్తే కొన్నే వెళ్తున్నాయండి. మిగతావి వెళ్ళకుండానే వెళ్ళినట్టు రాసేసుకుంటోంది" అన్నాడు.  అతన్నేమంటారోనని నేను మేడమ్ కేసి చూశాను. ఆవిడ అతని ముఖం చూసి, "భోంచేశావా?" అని అడిగారు. ఏకవచనంలో, ఇంట్లో పిల్లవాణ్ణి అడిగినట్టు. లేదన్నాడు. ముందు తినమన్నారు.

పెద్దాయన అక్కడే నిలబడి ఉన్నాడు. మేడమ్ ఆయన వైపు తిరిగి, "మీరు చెప్పిందే నిజమండి. మా వాళ్ళు మీ మాట కాదన్నారు, మన్నించండి" అన్నారు. ఆయన తలమీది తువాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

సభ జరిగింది. మీట నొక్కడం జరగలేదు. ఛైర్మన్ గారు వేదిక మీద "త్వరలో" అని దాటేశారు, కొన్నాళ్ళు ఆవిడతో ముభావంగా ఉన్నారు. లోపం సరిచేశాక మేడమ్ అదే గట్టు మీద అదే పరీక్ష మళ్ళీ చేయించారు. ఈసారి అన్ని ఫోన్లూ మోగాయి. అయినా ఆ పంట చేతికొచ్చేదాకా పాత సేవని పక్కనే నడిపించారు. కొత్తది అందరికీ ఎక్కించిన రోజున నా డెస్కుకి ఒక్క ఫిర్యాదు రాలేదు. ఆవిడ నా కుర్చీ వెనక నిలబడి, "ఇంత నిశ్శబ్దంగా ఉందేంటమ్మా? నీ ఫోన్ పనిచేస్తోందా?" అన్నారు. పక్క టేబుల్ నుంచి నాకు ఫోన్ చేయించి, మోగాక గానీ వెళ్ళలేదు.

కమిషన్ మాట మాత్రం పూర్తిగా పోలేదు. తర్వాతెప్పుడైనా ఆవిడ దేనికైనా కాదంటే, ఎక్కడో ఒక మూల ఎవరో ఒకరు నవ్వేవారు.

జబ్బు చేశాక భీమవరం ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్ళాను. నర్సు సెలైన్ మారుస్తుంటే, "నిన్నటిదేనా? ఎవరు మార్చమన్నారు?" అని అడుగుతున్నారు. మాస్టారు తల పట్టుకున్నారు. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని, "ఏం కాదులెండి" అన్నాడు. ఆవిడ మెల్లిగా నా వైపు చూశారు. ఇద్దరం నవ్వేశాం. డాక్టరుకి ఎందుకో అర్థం కాలేదు. నవ్వు ఆగాక ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు, నేను తల తిప్పుకున్నాను.

పోయిన మర్నాడు ఆఫీసు గుమ్మంలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు, నిబద్ధతకు మారుపేరు అని. సంతాప సభలో ఒకరి తర్వాత ఒకరు లేచి ఆవిడ జాగ్రత్తని పొగిడారు. నేను ఒక్కో ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఆ కమిషన్ మాట మొదట అన్నది ఈయనా, ఈవిడా, అదిగో గొంతు బొంగురుపోయిన అతనా? ఏ ముఖంలోనూ ఏమీ దొరకలేదు. హైదరాబాదు నుంచి ప్రాజెక్ట్ లీడ్ వచ్చి వెనక వరుసలో నిలబడ్డాడు. మాట్లాడమంటే తల అడ్డంగా ఊపాడు. ఆ సభలో నేను అనుమానించనిది అతనొక్కణ్ణే.

సమాధి నరసాపురంలో, వాళ్ళ చర్చి తోటలో. పాస్టరు గారు ప్రార్థన ముగించాక అందరూ తలో పిడికెడు మట్టి వేయడం మొదలెట్టారు. గేటు దగ్గర ఉప్పుటేరు వైపు నుంచి వచ్చిన రైతులు కొందరు చెప్పులు విప్పి నిలబడ్డారు. వాళ్ళలో ఆ పెద్దాయన నా దగ్గరికొచ్చి, "మేం కూడా వేయొచ్చాండి? మా పద్ధతి వేరు కదా, ఏమీ అనుకోరు కదా" అని గొంతు తగ్గించి అడిగాడు. మాస్టారు విని, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు.

ముందు రాత్రి వాన పడింది. మట్టి తడిసి పెళ్ళలుగా ఉంది. అందరూ వేస్తుంటే పెట్టె మీద అవి దబ్బుదబ్బుమని పడుతున్నాయి. పెద్దాయన ఒక పెళ్ళ తీసుకున్నాడు. వెంటనే వేయలేదు. అంచున గొంతుక్కూర్చుని, రెండు చేతుల మధ్య పెట్టి దాన్ని చిదిపాడు. రాళ్ళేమన్నా ఉన్నాయేమోనని వేళ్ళతో వెతికి చూశాడు. పూర్తిగా పొడి అయ్యాక చేతులు లోపలికి చాచి, చప్పుడు కాకుండా కొంచెం కొంచెంగా వదిలాడు.